కొసరు చుక్క

సోమవారం పొద్దున రాఘవేంద్రప్రసాద్ సారు ఫొటోను బల్ల మీద పెట్టి ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతూ ఉంటే, మహాదేవమ్మ తడి చేతులు కొంగులో దాచుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నల్లటి ఫొటోలో తెల్లటి అడ్డగీతలు. మంచి విత్తనానికి రెండే గీతలు రావాలి. సారు చూపిస్తున్న వరసలో ఐదు ఉన్నాయి. రెండు నిండుగా, మూడు సన్నగా, దుమ్ము పట్టిన అద్దం మీద ఎవరో వేలితో గీసినట్టు.

సారు గట్టిగా అరిచే మనిషి కాదు. ట్యూబులు కడిగేది నువ్వే కదా అన్నాడు. అవునంది. వెనకటి విత్తనం సారం ట్యూబు అడుగున ఏ కొంచెం మిగిలినా తరువాతి విత్తనంలో కలిసి ఇలా దొంగగీతలు వస్తాయన్నాడు. శివరాత్రి దాటినప్పటినుంచీ వస్తూనే ఉన్నాయన్నాడు. ఆ తరువాత ఫొటో మీంచి తల ఎత్తి, ఆమె చేతులు దాచుకున్న కొంగు వైపు చూసి, "యాభై దాటిన మనిషికి గిన్నెలు తోమేది నేను నేర్పాల్నా మహాదేవమ్మా?" అన్నాడు.

 లోపలికి పోయి, పొద్దున కడిగి ఆరబెట్టిన ట్యూబులన్నీ మళ్ళీ సబ్బునీళ్ళలో పోసింది.

నంద్యాల ఊరి చివర ఆ పరీక్షశాల పెట్టి ఏడేళ్ళు. చుట్టుపక్కల రైతులు కంపెనీల కోసం పండించిన పత్తి విత్తనం అక్కడికి పొట్లాల్లో వస్తుంది. గింజలు మొలకెత్తించి, ఆకు నూరి, సారం తీసి, దాన్ని ఒక మందుతో ముక్కలు చేసి, ఆ ముక్కల్ని జిగురుపలకలో కరెంటు పెట్టి పరుగెత్తిస్తారు. ఏ ముక్క ఎంత దూరం పోయి ఆగిందో అక్కడ గీత పడుతుంది. గీతలు సరిపోతే విత్తనం నిఖార్సైనది. ఎక్కువ వస్తే వేరే రకం కలిసిందని అర్థం. అలాంటి విత్తనాన్ని కంపెనీ కొనదు, రైతుకు తిరిగి ఇవ్వదు, గోదాములోంచి నేరుగా నూనె మిల్లుకు తోలేస్తుంది.

ముక్కలు చేసే మందును అక్కడ పనిచేసే నాగశ్రీ ఎంజైమ్ అంటుంది. మహాదేవమ్మ కత్తెరమందు అంటుంది. చిటికెనవేలంత సీసా, మంచు పెట్టెలో ఉంటుంది. విత్తనం లోపలి రాతలో ఆరు అక్షరాల మాట ఒకటి ఉంటుందనీ, ఆ మాట కనపడిన చోట తప్ప ఇంకెక్కడా ఈ మందు తెంపదనీ నాగశ్రీ ఒకసారి చెప్పింది. రెండొందల పుటల పుస్తకంలో ఒక్క మాట వెతికి అక్కడే చించే చెయ్యి. మహాదేవమ్మకు ఆ సంగతి శానా రోజులు మనసులో తిరిగింది. బడికి పోకుండా, పొట్లం కాగితాలమీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషికి ఒక మాట వెతకడం ఎంత కష్టమో తెలుసు.

బయట వరండాలో మద్దమ్మ కూర్చుని ఉంది. ఆత్మకూరు పక్క పల్లె ఆమెది. శుక్రవారం వచ్చిన మనిషి, ఎక్కడ పడుకుంటోందో ఏం తింటోందో, పొద్దున తలుపు తీసేసరికి మెట్టు మీద ఉంటుంది. ఎర్ర సున్నాలు చుట్టిన వరస ఆమె విత్తనానిదే. కంపెనీ మనిషి శేషన్న వచ్చే శనివారం లారీ వస్తుందని చెప్పిపోయాడు. ఆమె కదలకుండా కూర్చోవడం చూసి చూసి, శుక్రవారం దాకా మళ్ళీ పరీక్ష చేసి చూద్దామని సారు ఒప్పుకున్నాడు. అప్పటికీ తప్పితే లారీయే.

మహాదేవమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మద్దమ్మ ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"పూవు పూవుకూ దారం కట్టిన దాన్ని అక్కా. సాయంత్రం మొగ్గ ఇప్పి మగకాడలు గిల్లేది నేనే, పొద్దున పుప్పొడి పూసేది నేనే. ముసురు పట్టినా మాన్లేదు. దారం లేని కాయ ఒక్కటి కూడా బుట్టలో ఎయ్యలేదు. ఇంగ కల్తీ యాడ్నించి వచ్చె?"

తెలీదంది మహాదేవమ్మ.

"లోపల ఎవరో సరిగ్గా కడగలేదంటనే. శేషన్న చెప్పినాడు." మద్దమ్మ చెంబు తిరిగి ఇచ్చింది. "వాళ్ళకేం తెలుస్తాదిలే. ఈ లాటు గింజలు పోతే వచ్చే ఏడు కంపెనీ మాకు విత్తులు ఇయ్యదు. మా ఆయన లక్ష్మన్న బెంగుళూరు మేస్త్రికి మాట ఇచ్చి పెట్టినాడు. మనమరాలిని అహోబిలంలో మా యక్కకాడ ఇడ్సాల. నాలుగేండ్ల బిడ్డ. యాడికి పోయినా నా కొంగు పట్టుకోనే పోతాది."

మహాదేవమ్మ చెంబు అందుకుంది. కడిగేది తానేనని చెప్పలేకపోయింది. ఇల్లు వదిలి పోయేవాళ్ళ వీపు చూడలేక పక్కింటివాళ్ళు ఊరికి పోతున్నా లోపలికి పోయి తలుపు వేసుకునే మనిషి. ఆ నాలుగేళ్ళ బిడ్డ కొంగు విడిపించుకునేది తన చేతులే అయినట్టు ఆమె చేతులు రెండూ చల్లబడ్డాయి.

ట్యూబులు అంటే మందుబిళ్ళ అంత ప్లాస్టిక్ బుడ్లు, ఒక్కోదానికి తోకలాంటి మూత. వాడి పారేయవలసినవే గాని సారు పారేయనివ్వడు. సబ్బునీళ్ళలో నానబెట్టి, ఒక్కోదాన్నీ పిల్ల బ్రష్షుతో తోమి, కొళాయి నీళ్ళతో మూడుసార్లు, ఆవిరి పట్టి దింపిన శుద్ధినీళ్ళతో రెండుసార్లు కడిగి, పెద్ద కుక్కరులో పెట్టి ఉడికించాలి. ఆ రోజు మహాదేవమ్మ ఒక్కసారికి బదులు మూడుసార్లు ఉడికించింది. మూతలు తెరిచి వేడి నీళ్ళలో విడిగా దొర్లించింది. సాయంత్రానికి వేళ్ళ సందులు పగిలి మండుతుంటే మందుల కొట్లో కొన్న గ్లిజరిన్ సీసా తీసి రాసుకుంది. వేళ్ళు జిగటగా అతుక్కున్నాయి.

నాగశ్రీ ఆమె కడిగిన ట్యూబులు వెలుతురుకు పెట్టి చూసి, ఇంతకన్నా తెల్లగా పాలు కూడా ఉండవంది. మైదుకూరు కోమట్ల పిల్ల. ఇరవై అయిదు ఉంటాయి. మహాదేవమ్మను పెద్దమ్మా అంటుంది. సారు తిట్టిన రోజు తన టిఫిను పెట్టెలోంచి రెండు దోసెలు తీసి ఆమె గిన్నెలో పడేసి, ఏమీ ఎరగనట్టు పోతుంది. అక్కడ ఆమెను మనిషిగా చూసేది ఆ పిల్ల ఒక్కతే.

మద్దమ్మ విత్తనం సారం మంచు పెట్టెలోనే ఉంది. నాగశ్రీ దాన్ని కరిగించి, చుక్కలు కొలిచి వేసే పీక నొక్కి ట్యూబులో వేసింది. నీళ్ళు, ఉప్పునీళ్ళు వేసింది. చివర కత్తెరమందు. పీకను ఆవగింజంతకు తిప్పి ఒకసారి వేసింది. ఒక క్షణం ఆగి మళ్ళీ వేసింది. ఇంకోసారి కూడా వేసింది.

అంత ఎందుకు పాపా అని అడిగింది మహాదేవమ్మ.

"కొసరు," అని నవ్వింది నాగశ్రీ. "కరెంటు ఎప్పుడు పోతాదో తెల్దు గదా. పోతే తొట్టిలో నీళ్ళు సల్లబడి మందు సగంలోనే ఊరుకుంటాది. సగం తెగితే నష్టం ఎవరికి, ఆ మద్దమ్మకే. మా నాయన అంగట్లో తక్కెడ ముల్లు నిలబడినాక కూడా పిడికెడు కొసరు ఎయ్యకుండా పొట్లం కట్టడు. కాటాకు సరిగ్గా తూచి ఇచ్చేటోడు దొంగతో సమానమంటాడు."

ట్యూబును స్పాంజి ముక్కకు గుచ్చి వేడినీళ్ళ తొట్టిలో తేలేసింది. రెండు గంటలు చాలట. కరెంటు కోతల దెబ్బకు రెండు గంటల్లో పని అవుతుందన్న నమ్మకం పోయి, సాయంత్రం వేసి పొద్దున తీయడం అలవాటు చేసుకున్నారు. అదీ ఒక కొసరే.

మంగళవారం పొద్దున జిగురుపలక మీద ఏడు గీతలు వచ్చాయి.

సారు ఫొటో చూసి బల్ల మీద బోర్లా పెట్టాడు. ఏమన్నా అన్నా బాగుండేది. వరండాలో మద్దమ్మ కిటికీలోంచి మొహాలు చూసి మళ్ళీ తల దించుకుంది. మహాదేవమ్మ ట్యూబులన్నీ తీసి నాలుగుసార్లు ఉడికించింది. కుక్కరు విజిలు వేసినప్పుడల్లా నాగశ్రీ లోపల్నుంచి తొంగి చూసింది. చాలు పెద్దమ్మా, గ్యాసు అయిపోతాది అంది. మహాదేవమ్మ వినలేదు.

బుధవారం పొద్దున కరెంటు లేదు. ముందురోజు సాయంత్రం తొట్టిలో వేసిన ట్యూబుల్ని తీసి వరసగా పెట్టడం మహాదేవమ్మ పని. ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పెట్టింది. మూత లోపలి వైపు చెమట పట్టినట్టు సన్న నీటి బొట్లు. అడుగున ఉండవలసిన చుక్క సగానికి తగ్గింది. ట్యూబును వాల్చింది. చుక్క నీళ్ళలా జారలేదు. పాకంలా, తడబడుతూ ఒక పక్కకు వచ్చింది. మూత మీద వేలు పెడితే, గట్టిగా నొక్కకుండానే ఊడింది.

ఆమె ఆ ట్యూబును ఇంకోసారి వాల్చి చూసింది.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టిన మనిషి. గంజి సంగతి ఆమెకు చెప్పనక్కర్లేదు. పడుగుకు పెట్టే గంజి పల్చగా ఉన్నంతసేపే పోగుకు బలం. ఎండాకాలం గాలికి నీళ్ళు ఆరిపోయి గంజి చిక్కబడితే, అదే గంజి పోగును పెళుసు చేస్తుంది. తెగకూడని చోటల్లా తెగుతుంది. ఆరిందని ఇంకొంచెం గంజి పూస్తే ఇంకా తెగుతుంది. నీళ్ళు చల్లాలి గాని గంజి పూయకూడదు. చిన్నప్పుడు ఆ తప్పు చేసి తల్లి చేత వీపు వాయించుకుంది.

మందు పెట్టె అడుగున మడిచిన కాగితం ఒకటి వస్తుంది. ఎవరూ చదవరు. దళసరిగా ఉంటుందని మహాదేవమ్మ అల్మారా అరల్లో పరుస్తుంది, తీరికగా ఉన్నప్పుడు కూడబలుక్కుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమె బస్సు బోర్డుల మీద, ట్యూబు పెట్టెల మీద నేర్చుకున్నవే. అర్థం తెలియకపోయినా శబ్దం పలుకుతుంది. ఆ కాగితంలో మందు పేరు పక్కన నక్షత్రం గుర్తు ఒకటి, దానికింద చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలు. వేలు పెట్టుకుని చదువుతూ పోతే నడుమన ఒక మాట దగ్గర వేలు ఆగింది. గ్లి, స, రా, ల్. గ్లిజరిన్ సీసా మీద ఉండే మాటకు దగ్గర చుట్టం. ఆమె తన వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుంది.

అప్పుడు తెలిసింది. తెలియగానే భయం కూడా వేసింది. తప్పు కడగడంలో లేదంటే ఇంకెక్కడో ఉండాలి. ఇంకెక్కడో అంటే ఆ పిల్ల చేతిలో. ఇన్నాళ్ళూ తన పక్షాన నిలబడిన ఒక్క మనిషి. చెప్పకపోతే మద్దమ్మ లాటు పోతుంది. చెబితే ఎవరు పోతారో ఆమెకు అప్పుడే కళ్ళ ముందు కనపడింది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని వరండాలోకి పోయింది. మద్దమ్మ గోడకు చేరబడి, చీర కొంగు నుంచి ఊడిన దారప్పోగును వేలికి చుట్టి ముడి వేస్తోంది, విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది. ఐదు నెలలు పూలకు దారం కట్టిన వేళ్ళు ఊరికే ఉండలేకున్నాయి.

మహాదేవమ్మ లోపలికి తిరిగి వచ్చింది.

"పాపా," అంది, "ఆ మందులో గ్లిజరిన్ ఉండాదా?"

నాగశ్రీ పీక తుడుస్తోంది. ఉంటుంది పెద్దమ్మా, గడ్డకట్టకుండా సగానికి సగం అదే కలుపుతారు అంది.

మహాదేవమ్మ ట్యూబు చేతికిచ్చింది. వాల్చి చూపించింది. కాగితం విప్పి నక్షత్రం గుర్తు మీద వేలు పెట్టింది.

"నాకు దీని అర్థం తెల్దు. గంజి సంగతి తెలుసు. నువ్వు ఒకటికి మూడు ఏస్తాండావు. తెల్లార్లూ పెడతాండావు. పైన నేను ఉడకేసి ఉడకేసి మూతలు లూజు చేసినా, నీళ్ళు ఆరిపోతాండాయి. మందు చిక్కబడితే దానికి కన్ను కనపడదేమో పాపా. ఒక్క మాటే ఎతికి తెంపేది, దాని మాదిరుండే మాటలన్నీ తెంపుతాందేమో."

నాగశ్రీ కాగితం చదివింది. రెండోసారి చదివింది, గ్లిజరాల్ ఎక్కువైతే మందు దారి తప్పి తెంపుతుందని ఉన్న వరుస దగ్గర ఆగింది. ఆమె మొహంలో మొదట వచ్చింది కోపమే. తాను చదువుకున్నదనీ, ఎదురుగా ఉన్నది గిన్నెలు కడిగే మనిషనీ ఆ కోపంలో ఉంది. మహాదేవమ్మకు అది కనపడింది. తల వంచుకుంది. కాసేపటికి నాగశ్రీ స్టూలు మీద కూర్చుంది.

"మందు పదో వంతుకు మించకూడదని కాలేజీలో చెప్పినారు," అంది మెల్లగా. "రాసుకున్నా కూడా. కొసరేస్తే ఎక్కువైతాదని ఎన్నడూ అనిపించలేదు పెద్దమ్మా. కొసరు గదా."

మహాదేవమ్మకు ఇంకొకటి అడగాలని ఉంది. గోడ మీద ఒక ఫొటో అంటించి ఉంది. కంపెనీ వాళ్ళ నిఖార్సైన విత్తనాన్ని చలికాలంలో పరీక్ష చేసినప్పటిది. రోజూ వచ్చే గీతల్ని దాంతో పోల్చి చూస్తారు. మందు ఖర్చు కలిసొస్తుందని ఆ విత్తనాన్ని ప్రతిసారీ మళ్ళీ పరీక్షించరు. బొమ్మతో కాకుండా, ఆ మంచి విత్తనాన్నే మద్దమ్మ విత్తనం పక్కన పెట్టి, దానికీ మూడు చుక్కలు వేసి, తెల్లార్లూ ఉంచి చూడరాదా అని అడిగింది. మగ్గం మీద చీర చెడితే పాత చీరతో పోల్చరు, అదే పోగుతో పక్కన జానెడు నేసి చూస్తారు.

నాగశ్రీ ఆమె వైపు చూసి, లేచి, మంచు పెట్టె తెరిచింది.

గురువారం ఇద్దరూ కలిసి పరీక్షకు దిగారు. మూడు ట్యూబులు. ఒకదానిలో కంపెనీ మంచి విత్తనం, మూడు చుక్కల మందు, మూత ఊడే పాత ట్యూబు. అది ముందురోజు సాయంత్రమే తొట్టిలో పడింది. మిగతా రెంటికి నాగశ్రీ సారు బీరువాలోంచి కొత్త ట్యూబుల పొట్లం అడక్కుండా తెచ్చి చించింది. ఒకదానిలో మంచి విత్తనం, ఒకదానిలో మద్దమ్మది. ఒక్కో దానికి ఒకే ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్క వేసిన తరువాత ఆమె బొటనవేలు పీక మీద అలాగే ఉండిపోయింది, ఇంకొకసారి నొక్కడానికి. మహాదేవమ్మ చూస్తూ ఉంది. నాగశ్రీ పీకను బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

పదకొండు గంటలకు కరెంటు వచ్చింది. పన్నెండున్నరకు పోయింది. జనరేటరు సారు గది ఏసీకి, పెద్ద మిషనుకే. మహాదేవమ్మ తొట్టి పక్కన ముక్కాలిపీట వేసుకుని, వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గాజుపుల్లలో పాదరసం ముప్పై ఏడు దగ్గర్నుంచి వెంట్రుకవాసి దిగినా ఒక గరిటెడు వేడినీళ్ళు పోసి కలిపింది. రెండు గంటలు ఆ సన్న గీత మీంచి చూపు తిప్పలేదు. ఆకలి కూడా తెలియలేదు. నాగశ్రీ గడియారం చూసి ట్యూబులు తీయించింది. తొట్టిలో ఇంకొంచెంసేపు ఉంచుదామని ఇద్దరికీ అనిపించింది. ఇద్దరూ ఆ మాట అనలేదు.

మళ్ళీ కరెంటు వచ్చాక ముక్కల్ని పరుగెత్తించి, నాలుగున్నరకు జిగురుపలకను నీలం దీపం మీద పెట్టారు.

మొదటి వరసలో, కంపెనీ వాళ్ళ నిఖార్సైన విత్తనంలో, ఆరు గీతలు వెలిగాయి. రెండో వరసలో రెండు. మూడో వరసలో, మద్దమ్మదానిలో, రెండు. రెండో వరసకు అచ్చు నకలులా.

నాగశ్రీ కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూసింది. "నేనే," అంది. దీపం ఆర్పేసింది.

శుక్రవారం సారు మంగళవారం ఫొటోనూ నిన్నటి ఫొటోనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. అర్థం కావడానికి ఆయనకు నిమిషం పట్టలేదు.  మద్దమ్మ కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టి ముద్ర వేశాడు. తరువాత ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. శివరాత్రి పోయి కరెంటు కోతలు మొదలైనప్పటి నుంచి అంది నాగశ్రీ. మూతలు లూజు చేసింది నేను సారూ అని మహాదేవమ్మ కలగజేసుకుంది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కొత్త ట్యూబులు కావాలని ఈ పిల్ల అడిగితే వద్దన్నది నేనులే అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద ఉన్న కోపం మహాదేవమ్మకు సగం పోయింది.

అప్పటినుంచి ఇప్పటిదాకా తప్పినవి మద్దమ్మది కాక పది లాట్లు. వాటినీ మళ్ళీ చూడాలంది నాగశ్రీ. పొట్లాలు తెమ్మన్నాడు సారు.

మహాదేవమ్మ అల్మారా తెరవలేదు. నిలబడిన చోటే నిలబడింది. తప్పిన విత్తనాల పొట్లాలు ఎవరి చేతిలోనూ పడకూడదని ప్రతి నెలా ఒకటో తేదీన వెనకవైపు గుంటలో వేసి కాల్చేయాలి. మొలకలు, ఆకుల సారం అన్నీ దాంతోపాటే. ఆ పని ఆమెదే. ఏప్రిల్ ఒకటిన మార్చి నెలవి కాల్చింది. అల్మారాలో మిగిలింది రెండు.

ఎనిమిది లాట్లు అప్పటికే నూనె మిల్లులో గానుగ ఆడి పిప్పి అయిపోయి ఉంటాయి. ఇప్పుడు అవి మంచివని తేల్చడానికి గింజ లేదు, కల్తీవని తేల్చడానికీ లేదు.

నాగశ్రీ ఆ మధ్యాహ్నమే కంపెనీకి ఉత్తరం రాసింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏ నెంబర్లు. నీ పేరు రాయకపోయినా పర్వాలేదమ్మా అన్నాడు సారు. రాసింది. ఆయన ఒక్క మాట కొట్టేయకుండా ఫ్యాక్సులో పెట్టాడు. గంటన్నరకు ఫోను వచ్చింది. ఆయన వింటూ అలాగే అలాగే అన్నాడు. ఫోను పెట్టేసి, కొన్నాళ్ళు మైదుకూరులో ఉండి రామ్మా అన్నాడు. కొన్నాళ్ళంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు.

మద్దమ్మ కాగితం చేతికొచ్చాక దాన్ని చదవలేక ముద్రను తడిమి చూసుకుంది. కడిగేది ఈ అమ్మేనని ఎవరో చెప్పినట్టున్నారు. మహాదేవమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ చేతి సలవ అక్కా," అంది. ఆత్మకూరు బస్సు కోసం ఉరికినట్టు పోయింది. ఆమె పోతున్నప్పుడు మహాదేవమ్మ లోపలికి పోకుండా చూస్తూనే నిలబడింది.

శనివారం పొద్దున నాగశ్రీ బస్సుకు మహాదేవమ్మ సంచి మోసుకుంటూ వెళ్ళింది. బస్టాండులో వేడి గాలి, చెరుకురసం బండి గజ్జెల చప్పుడు. ఆళ్ళగడ్డ మీదుగా పోయే బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. నాగశ్రీ కిటికీ పక్కన కూర్చుని, సంచి అందుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు చెప్పకపోయింటే బాగుండునని రాత్రి అనుకున్నా పెద్దమ్మా," అంది. "పొద్దున లేసినాక అనుకోలేదు."

 పోయి మీ నాయనకు ఏం చెప్తావని అడిగింది మహాదేవమ్మ.

"అంగట్లో కూర్చుంటా అని చెప్తా. ఆడ ఎంత కొసరు ఏసినా ఎవరూ చెడిపోరు."

బస్సు కదిలింది. మహాదేవమ్మ కిటికీ చట్రం పట్టుకుని నాలుగడుగులు నడిచి, వదిలేసింది.

పరీక్షశాలకు తిరిగి వచ్చేసరికి సారు లేడు. వరండాలో, మద్దమ్మ కూర్చున్న మెట్టు మీదే, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తలపాగా విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పక్కన చేతికర్ర. పేరు పెద్ద ఈరన్న అన్నాడు. నిన్న ఆత్మకూరు బస్సులో ఒకామె చెప్పిందట, తప్పిన విత్తనాలను మళ్ళీ చూసి మంచివని కాగితం ఇస్తున్నారని. తనది మార్చిలో తప్పిందట. కొడుకూ కోడలూ బెంగుళూరు పోయి నెల అయిందట. కాగితం వస్తే ఫోను చేసి పిలిపించుకుంటానన్నాడు. లాటు నెంబరు రాసిన చీటీ గోచిలోంచి తీసి ఇచ్చాడు. చెమటకు మెత్తబడి ఉంది.

సారు సోమవారం వస్తాడంది మహాదేవమ్మ.

"నీకు సదువు వస్తాదంట గదమ్మా. ఆ యమ్మే చెప్పింది. మాది ఏమైందో కొంచెం సూసి చెప్పు. సోమవారం దాకా ఉండలేను, ఎద్దు ఒకటే ఉండాది ఇంటికాడ."

సోమవారం రమ్మని పంపేయొచ్చు. సారుకే తెలుసు అనొచ్చు. ఆమె లోపలికి పోయి, కాల్చిన పొట్లాల రిజిస్టరు తెచ్చింది. వరండాలో అతని పక్క మెట్టు మీద కూర్చుని తెరిచింది. మార్చి పుట. అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా, గీత మీద కూర్చోబెట్టినట్టు రాసి ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. సారు ఒకసారి ఆ పుటలు చూసి, ఈ ఆఫీసులో నీ చేతిరాతే బాగుందన్నాడు.

వేలు పెట్టుకుని దిగుతూ పోయి ఆగింది.

"నెంబరు పందొమ్మిది. పెద్ద ఈరన్న. తప్పినది. ఏప్రిల్ ఒకటో తేదీన కాల్చడమైనది. మహాదేవమ్మ."

ముసలాయన విన్నాడు. కాసేపు రోడ్డు మీద పోయే ఆటోను చూశాడు.

"కాల్చినారంటే, మళ్ళా సూసేకి లేదా?"

"లేదప్పా. గింజ లేదు."

"ఆ మహాదేవమ్మనేటామె లోపల ఉండాదా?"

రిజిస్టరు మీంచి ఆమె వేలు తీయలేదు.

"నేనే," అంది.

అతను లేచిపోతాడనుకుంది. తిడతాడనుకుంది. అతను చీటీని తిరిగి తీసుకుని, మడిచి, మడిచి, తలపాగా గుడ్డ అంచులో పెట్టి ముడి వేశాడు. ముడి బిగిసిందో లేదో లాగి చూసుకున్నాడు. తరువాత ఆమె చేతిలోని పుట వైపు, తాను చదవలేని ఆ చక్కటి అక్షరాల వైపు వంగి చూశాడు.

"ఇంగొక తూరి సదువుమ్మా," అన్నాడు. "పోయి నా కొడుక్కి ఇట్లనే చెప్పాల."

ఆమె వేలును వరస మొదటికి జరిపి, మళ్ళీ నెంబరు దగ్గర్నుంచి చదివింది.